రీసౌండు మావయ్య

ఎవరేమన్నా ఆ మాటని వెంటనే, ఇంకాస్త గట్టిగా, తిరిగి అనడం మా మావయ్య అలవాటు. "వాన వచ్చేట్టుంది" అని మీరు పొరపాటున గొణిగారనుకోండి, "వాన వచ్చేట్టుందట!" అని ఆయన వీధి వీధంతా చాటేస్తాడు. ఆరేసిన బట్టలు తీసుకోవడానికి నాలుగిళ్ళ వాళ్ళు పరిగెడతారు. అందుకే వీధిలో ఆయన్ని రీసౌండు మావయ్య అంటారు. ఆ పేరు పెట్టారని నేనే వెళ్ళి ఆయన చెవిలో వేశాను. "రీసౌండు అంటున్నారట!" అని ఆ పేరుని కూడా ఊరికి ఆయనే చేరవేశాడు.

ఆయనది ఇనుప సామాన్ల కొట్టు. మావయ్య మేకులు, బందులు, గొళ్ళేలు తూచి ఇస్తాడు. అత్తయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని బిల్లు రాస్తుంది. కొనడానికొచ్చినవాళ్ళు మేకులు అని నోరు తెరవడం ఆలస్యం, "అంగుళం మేకులు అరకిలో!" అని ఆయన అరుపూ, బిల్లు మీద అత్తయ్య కలం కదలడం ఒకేసారి జరిగిపోతాయి. ఆ కొట్టు అలవాటే ఇంటికీ పాకిందనీ, అది ఆయన నోటికి పట్టిన తుప్పనీ, ఇక వదలదనీ మేమంతా తీర్మానించుకున్నాం.

ఒకసారి వెనకవీధి టైలరు వచ్చి, అటూ ఇటూ చూసి, మావయ్య దగ్గరగా వంగాడు.

"బీరువాకి ఒక రహస్యం తాళం కావాలండీ."

"బీరువాకి రహస్యం తాళం ఒకటి!"

"మెల్లగా అనండి సార్, మా ఆవిడ బయటే ఉంది."

"మెల్లగా అనాలట! వాళ్ళావిడ బయటే ఉందట!"

ఆవిడ లోపలికొచ్చి తాళం తనే కొనుక్కుంది. రెండు తాళంచెవులూ తన కొంగుకే ముడేసుకుంది.

సినిమాకి తీసుకెళ్తే మరీ దారుణం. హంతకుడి పేరు తెర మీద పోలీసు మెల్లగా చెబితే, వెనక బాల్కనీ వాళ్ళకి కూడా మావయ్య చెప్పేశాడు. టిక్కెట్లు చింపేవాడు టార్చిలైటు వేసి మరీ మమ్మల్ని బయటికి సాగనంపాడు. పక్కన అత్తయ్య మాత్రం, "కథ బాగుంది కదూ" అంటూ తృప్తిగా నడిచొచ్చింది.

ఇలాంటి మనిషికి ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చింది. మనిషి ఇప్పుడు నిక్షేపంలా ఉన్నాడని ముందే చెప్పేస్తున్నాను. నిన్న కూడా ఆయన గొంతుకి కొట్టు ముందు కాకులన్నీ లేచిపోయాయి. కాబట్టి కంగారు పడకుండా చదవండి.

మాటిమాటికీ బాత్రూముకి పరిగెడుతున్నాడని అత్తయ్య పోరి పోరి రక్తపరీక్ష చేయించింది. ఆ తర్వాత స్కానింగులు, చిన్న ముక్క తీసి చూడటాలు అయ్యాయి. ఫలితం ఫోనులో ముందు నాకు తెలిసింది. వేరే ఊళ్ళో ఉన్న వదినకి, అంటే వాళ్ళమ్మాయికి, ఫోన్ చేశాను.

"అమ్మకి మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేదు" అని వదిన ఏడుస్తూ ఒట్టు వేయించుకుంది. "నాన్నని పక్కకి పిలిచి మెల్లగా చెప్పు. నువ్వూ ఆయనా వెళ్ళి రండి."

మావయ్యని పక్కకి పిలిచి మెల్లగా చెప్పడమా! అయినా ప్రయత్నించాను. కొట్టు వెనక్కి, రంగు డబ్బాల చాటుకి లాక్కెళ్ళి, ఆయన నోటికి నా అరచెయ్యి అడ్డం పెట్టి మరీ చెప్పాను.

"మావయ్యా, అది క్యాన్సరట."

నా చెయ్యి తీసేసి, "క్యాన్సరట!" అన్నాడు.

గల్లాపెట్టె దగ్గర కలం ఆగిపోయింది. మేకుల కోసం వచ్చిన వడ్రంగి మేకులు వదిలేసి వెళ్ళిపోయాడు. అత్తయ్య లేచొచ్చి ఆయన మొహంలోకి ఒకసారి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఆస్పత్రికి ఎప్పుడెళ్ళాలి?"

"నీ మేనల్లుడు చెబుతాడు."

"రేపు పొద్దున" అన్నాను.

"రేపు పొద్దున!" అన్నాడు మావయ్య.

ఆవిడ అటు తిరగ్గానే నేను తల బాదుకున్నాను. "వదినకి ఒట్టేశాను కదా మావయ్యా! ఒక్క మాట కడుపులో దాచుకోలేవా?"

"నా ఒంట్లో ఏముందో మీ అత్తయ్యకి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలిరా? ఆవిడ లేకుండా నేను దేనికీ ఊఁ అనను" అన్నాడు.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. బయట హాల్లో అంతా మగవాళ్ళే. ఫలానా జబ్బుకి వచ్చామని పక్కవాడికి తెలియకుండా ఒకరు గోడనీ, ఒకరు చెప్పుల్నీ చూసుకుంటున్నారు. లోపల డాక్టరుగారు మూతికి గుడ్డ కట్టుకుని, మాట్లాడితే మాటలు అరిగిపోతాయేమో అన్నట్టు మాట్లాడే రకం.

"ప్రొస్టేట్ గ్రంథిలోనే ఉంది, బయటికి పాకలేదు" అన్నారాయన.

"గ్రంథిలోనే ఉందట! బయటికి పాకలేదట!"

"ఆపరేషన్ చేయొచ్చు, లేదా రేడియేషన్ ఇవ్వొచ్చు."

"ఆపరేషనట! లేకపోతే రేడియేషనట!"

"మీరు తిరిగి చెప్పక్కర్లేదండీ."

"తిరిగి చెప్పక్కర్లేదట!"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు మూత్రం మీద అదుపు ఉండకపోవచ్చు. ప్యాడ్లు వాడాలి. చాలామందికి తర్వాత సర్దుకుంటుంది. ఇకపోతే... దాంపత్యంలో కూడా ఇబ్బంది రావచ్చు."

మావయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. ఓరగా తెరిచి ఉన్న తలుపు వైపు, దాని అవతల ఉన్న హాలు వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నోటికి రీసౌండు లేని క్షణం నేను పుట్టాక అదే మొదటిది.

అత్తయ్య డాక్టరుగారి మూతిగుడ్డ వంక చూసింది. మావయ్య పెదాల వంక చూసింది. మోచేత్తో ఆయన్ని మెల్లగా పొడిచి, "ఏమన్నారు?" అంది.

డాక్టరుగారు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నారు. నాకు ప్రతి ముక్కా వినబడింది. ఆవిడకి వినబడలేదు. ఫోను మోగితే ఆవిడెందుకు ఆయన చేతికిచ్చేస్తుందో, ఆయన అరిచాకే బిల్లు మీద కలం ఎందుకు కదులుతుందో నాకప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆయన చెబుతున్నది ఒక్క మనిషికి. ఆ ఒక్కరి కోసమని ఎవరూ పసిగట్టకుండా ఊరంతటికీ వినిపించాడు. మావయ్య మీద నాకు పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

పోనీ నేను చెబుదామంటే, అత్తయ్యతో ఆ మాట అనడానికి నాకు నాలుక తిరగలేదు. చివరికి మావయ్యే గట్టిగా ఊపిరి పీల్చుకుని, కళ్ళు మూసుకుని అందుకున్నాడు.

"మూత్రం మీద అదుపు ఉండదట! ప్యాడ్లు వాడాలట! తర్వాత సర్దుకుంటుందట! దాంపత్యంలో కూడా ఇబ్బందట!"

హాల్లో ఒక కుర్చీ కిర్రుమని తలుపు వైపు జరిగింది.

"ఇంతోటి దానికా మీ నోరు పడిపోయింది? నేనింకా ఏం ముంచుకొచ్చిందో అని హడలి చచ్చాను" అంది అత్తయ్య. డాక్టరుగారి వైపు తిరిగింది. "తీసేస్తే పూర్తిగా పోతుందా బాబూ?"

"పోవడానికి మంచి అవకాశం ఉందమ్మా!" ఈసారి డాక్టరుగారే అరిచారు.

"మంచి అవకాశం ఉందట!" అన్నాడు మావయ్య, వదలకుండా.

"అయితే తీసేయండి."

బయటికి రాగానే ఇందాక చెప్పులు చూసుకుంటున్న పెద్దమనిషి మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నాదీ అదేనండీ. ఆ ప్యాడ్ల సంగతి అడగడానికి సిగ్గేసి ఇప్పటికి రెండుసార్లు ఊరికే వెనక్కెళ్ళాను. మీ పుణ్యమా అని తెలిసింది." అంతే, గోడని చూస్తున్నవాళ్ళంతా ఇటు తిరిగి మాటల్లో పడ్డారు.

ఆపరేషన్ తేదీ రాయించడానికి అత్తయ్య ముందు నడుస్తోంది. నేను ఆగలేకపోయాను.

"మావయ్యా, అత్తయ్యకి చెవి మిషను..."

"ఏయ్!" అని నా నోరు నొక్కేశాడు. ఆయనకి గుసగుస కూడా వచ్చని నాకప్పుడే తెలిసింది. "ఆవిడకి వినబడుతుందిరా. కాస్త గట్టిగా చెప్పాలి, అంతే."

అత్తయ్య వెనక్కి తిరిగింది. "ఏమంటున్నాడు వాడు?"

"ఆకలేస్తోందట!" అని ఆస్పత్రి దద్దరిల్లేలా అరిచాడు మావయ్య. ఎదుటివాళ్ళ మాటని ఆయన మార్చి చెప్పడం నేనెరిగినంతలో అదొక్కసారే. పాపం అనుకుందో ఏమో, ఒక నర్సమ్మ లేచి క్యాంటీను ఎటో చూపించింది.

పొద్దున్నే కడుపు పగిలేలా తిని వచ్చినవాణ్ణి, అత్తయ్య కళ్ళెదుట కూర్చుని, మారుమాట్లాడకుండా మళ్ళీ రెండు ప్లేట్లు ఖాళీ చేశాను.