ఆరో సీసా

నవ్వుతే నవ్వుండ్రి. తిన్న అన్నం మీద ఒట్టు... ఇది నాకు జరిగింది.

మన రాష్ట్రానికి కర్ణాటక అని పేరొచ్చి ఏడెన్మిదేండ్లయి ఉంటది. బీదర్‌ల ఒక కాలేజీల ల్యాబ్ అటెండర్‌ని నేను. అక్కడ పాఠాలు చెప్పే సుధాకర్ సార్ చిమ్కోడ్ ఊరి పాతబాయి బురద తెచ్చి అయిదు సీసాలల్ల పెట్టిండు. బురదతోని ఏం చదువు సార్ అని నవ్విన.

"దీంట్ల కంటికి కనబడని పురుగులున్నయి దావీదయ్యా. వాటి కడుపుల అయస్కాంతం రవ్వలుంటయి. అవి తీసి మందు అంటిస్తే, బయట అయస్కాంతం పెట్టి ఒంట్ల ఉన్న క్యాన్సర్ గడ్డ కాడికే గుంజొచ్చు. ఇయ్యాల కాకున్నా ఎన్నడన్న" అన్నడు.

నా పెండ్లాం మార్త గొంతుల గడ్డతోనే పోయింది. సార్ ఆ మాట అన్నకాడి నుంచి ఆ బురదను చూసి నేను నవ్వలే.

శనివారం పొద్దుగూకంగనే గిన్నెలన్నీ కడిగి బోర్లిచ్చుడు మా ఇంటి రివాజు. ఆదివారం పని ముట్టం. ఆ శనివారం ఏం ధ్యాసల ఉన్ననో... ల్యాబ్‌ల అయిదు సీసాలు గూడ కడిగేసిన.

సార్ చూసిండు. తిట్టలే. స్టూలు మీద కూసున్నడు. "సోమవారం బెంగళూరు నుంచి పైసలిచ్చేటోళ్లు చూడనీకె వస్తున్నరు. చూపిచ్చేది లేకుంటే ఈ పని బందే" అన్నడు. తిట్టినా బాగుండు.

ఇంటికి పోయిన. సీసాలు కడిగిన నీళ్లు పోయిన మోరిల తడి బురదన్న దొరుకుతదేమో అని టార్చి పట్టుకొని మళ్ల ల్యాబ్‌కు పోయిన. తాళం తీసిన... కరెంటు పోయింది.

టిక్.

నిలబడ్డ. మళ్ల... టిక్... టిక్...

బల్ల మీది దిక్సూచి. ముల్లు వణుకుకుంట అద్దానికి తాకుతుంది. ఉత్తరం చూపుతలే... మూలకున్న చెక్క బీరువా దిక్కు చూపుతుంది. డబ్బీ తిప్పిన. ముల్లు మళ్ల అటే తిరిగింది. "ఎవరు?" అని అడిగిన. టార్చి అటు తిప్పిన.

బీరువా తీసిన. అడుగు అరల, పాతగుడ్డల ఎనక... సీసా. నిండ బురద. సీసా బయట అయస్కాంతం దారంతో కట్టి ఉంది. దాని పక్కన, లోపట, మసి లెక్క నల్లటి చుక్క... పురుగులు అక్కడ కూడుకున్నయి. బతికున్నయి.

అప్పుడు దారం చూసిన. రెండు ముడులు. కొస పంటితో కొరికి ఉంది. మార్త బట్టలు కుట్టేటప్పుడు అట్లనే రెండు ముడులేసి కొరికేది... కత్తెర పక్కనే ఉన్నా.

సార్‌ని అడిగిన. "నేను పెట్టినయి అయిదే" అన్నడు.

సోమవారం ఆ చుక్కనే చూపిచ్చిండు. పని బందు కాలే. ఎవరు పెట్టిండ్రో ఇప్పటికీ తెల్వదు.

మరుసటి ఆదివారం చర్చిల కండ్లు మూసుకొని దేవునికి స్తోత్రం చెప్పిన. తర్వాత ఎవరికీ ఇనబడకుంట, మార్తకు గూడ చెప్పిన.