లేబుల్ గీకేసిన సీసా

మా పిన్ని ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. బడి మానేశాక నేను ఆమె దగ్గరే ఉంటున్నాను. పిండి జల్లిస్తాను, గిన్నెలు తోముతాను, ఎక్కువ మాట్లాడను.

పిన్ని కేకు మీద పూసే పంచదార పూత రోజులు గడిచినా రాయిలా గట్టిపడదు. గుట్టేమిటని ఎవరైనా అడిగితే, "అంతా నా చేతిలో ఉందమ్మా" అంటుంది. నిజానికి అది గ్లిజరిన్. తేమను పట్టి ఉంచుతుంది. కిలో పంచదారకు రెండు చిన్న చెంచాలు చాలు. కేకు సామాను అమ్మే కొట్లో, తినడానికి పనికొస్తుందని రాసిన సీసాలో దొరుకుతుంది. ఆ కొలతలో భయం లేదు. మరీ ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది, అంతే. కానీ పగిలిన పెదాలకు రాసుకునేది కేకులో పోస్తోందని నలుగురూ నవ్వుతారని పిన్నికి సిగ్గు. అందుకే సీసా కొనగానే లేబుల్ నానబెట్టి గీకేస్తుంది.

ఆ మధ్య వీధి చివరి దర్జీ ఆవిడ తన కొడుకు పుట్టినరోజుకి కేకు చెప్పింది. పూత పూసి పిన్ని చేతులు కడుక్కుంటుంటే బాబాయి కుంటుకుంటూ వచ్చాడు.

"నా మడమల మందు ఎవరెత్తుకుపోయారు?"

"మందుల షాపు గ్లిజరినేగా? దాని మీద కాగితం ఉంటుంది, చూసుకోండి."

"జిడ్డు చేతులకి అదెప్పుడో ఊడిపోయింది. నిన్న ఇక్కడే రాసుకుని, ఎక్కడో పెట్టినట్టున్నాను."

పిండి డబ్బా వెనక రెండు సీసాలున్నాయి. ఒకే ఎత్తు, ఒకే చిక్కదనం. పిన్ని మూతలు తీసి చూసింది. రంగూ లేదు, వాసనా లేదు. పూతలో ఏది పోసిందో ఆమెకే తెలియలేదు.

"రెండు చెంచాలకి ఏమవుతుందే? ఇచ్చెయ్," అన్నాడు బాబాయి గొంతు తగ్గించి.

"మీ కాళ్ళకి రాసేదాన్ని తిండికని పరీక్ష చేస్తారా? అందులో ఏం కలిసుందో ఎవరికి తెలుసు? తినేది పిల్లలు."

అంతలో దర్జీ ఆవిడ గుమ్మంలోకి వచ్చేసింది. "అబ్బ, ఎంత నున్నగా ఉందండీ! మీ చేతిలో ఏదో మాయ ఉంది."

పిన్ని ముఖం కందిపోయింది. "ఇది ఇవ్వలేనమ్మా" అని, తల దించుకునే రెండు సీసాల సంగతీ చెప్పింది.

"తినేదే అయితే దాచడం ఎందుకండీ?" అంది ఆవిడ. "పిల్లలు వచ్చేస్తున్నారు. ఇప్పుడు వాళ్ళ ముందు ఏం పెట్టను, దారపుండలా?"

బాబాయి తన మడమలు చూసుకుంటున్నాడు. నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నాను.

మా కోసమని పూత లేకుండా పక్కనుంచిన చిన్న కేకును పిన్ని రెండు చేతులతో అందించింది. ఆవిడ తీసుకుంది కానీ ముఖంలో నవ్వు లేదు.

పెద్ద కేకునూ రెండు సీసాలనూ పారేశాం. కొత్త సీసా తెచ్చాక, పిన్ని అలవాటు కొద్దీ దాన్ని నీళ్ళలో ముంచబోయి ఆగింది. పిండి డబ్బా ముందు, లేబుల్ గుమ్మానికి కనిపించేలా పెట్టింది. ఇప్పుడు ఎవరైనా పూతను మెచ్చుకుంటే వేలు అటు చూపిస్తుంది. వాళ్ళ ముఖం మాత్రం చూడదు.

దర్జీ ఆవిడ మళ్ళీ రాలేదు. ఆవిడ కొట్టు దాటాల్సి వస్తే పిన్ని వీధికి అవతలి వైపు నడుస్తుంది. నేనూ ఆమె వెనకే, తల వంచుకుని నడుస్తాను.