పద్నాలుగు నెలలు

మా నాన్న కాగితం మీద అబద్ధం రాయించింది ఒక్కసారే. అదీ రిక్షా కోసం. స్కూల్లో చేర్చే రోజు అక్కకి ఆరేళ్ళు, నాకు నాలుగు. అక్క ఒక్కతే రిక్షా ఎక్కనని ఏడ్చి గోల పెట్టింది. దాంతో నన్నూ అదే తరగతిలో పడేశారు. అక్కకీ నాకూ మధ్య కనీసం పది నెలలైనా ఉండాలి కదా అని ఆలోచించి, నా వయసు పద్నాలుగు నెలలు పెంచి రాయించారు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో పిల్లల వయసు తగ్గించని ఇల్లు లేదు. పెంచిన మేధావి మా నాన్న ఒక్కరే.

పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల దేశపు ఫుట్‌బాల్ జట్టు విదేశంలో టోర్నమెంటు ఆడబోతోందని, ట్రయల్స్ మా ఊళ్ళోనే అని తెలిసినప్పుడు మొదట లెక్క వేసుకున్నది అదే. స్కూలు తేదీ ప్రకారం నాకు నాలుగు నెలలు ఎక్కువ. అది రాస్తే గ్రౌండులోకే రానివ్వరు. ఫారంలో అసలు తేదీ రాశాను. రాసింది నిజమే, అయినా దొంగతనం చేస్తున్నట్టు కాగితాన్ని చేత్తో అడ్డుపెట్టుకుని రాశాను.

మూడు రోజులు ఆడించి, నా పేరు జాబితాలో పెట్టారు. ఆ తర్వాత మణికట్టు ఎక్స్‌రే. ఎముక చూసి వయసు చెప్తారు. దేవేంద్ర నగర్‌లో ఎక్స్‌రే గది బయట బెంచీ మీద మిగతా అమ్మాయిలు చేతులు నలుపుకుంటూ దేవుళ్ళకి మొక్కుకుంటున్నారు. నాకు ఎక్స్‌రే అంటే భయం లేదు. నా భయమంతా దాని తర్వాత అడగబోయే పదో తరగతి సర్టిఫికెట్ గురించే; అందులో ఉన్నది స్కూలు తేదీ. ఫారంలో తప్పు రాసినవాళ్ళని రెండేళ్ళు ఎక్కడా ఆడనివ్వరని ఎవరో అన్నారు.

"హడ్డీ పాస్, బేటా. అబ్ కాగజ్ లావ్," అంది కోచ్ మేడమ్ నవ్వుతూ. ఎముక పాసైంది, ఇక కాగితం తేవడమే మిగిలింది.

ఇంటికొచ్చి నాన్నకి అంతా చెప్పేశాను. ఆయన తేలిగ్గా తీసేశారు.

"దానికింత టెన్షన్ ఏటమ్మా? రైలు పాసుల కోసం మా ఆఫీసులో మీ తేదీలు రాయించినాను. నువ్వు పుట్టినప్పుడు రాయించిందే, అసలుది. నకలు తెస్తాను, చాలు."

మర్నాడు మధ్యాహ్నం స్కూటర్ చప్పుడు విని బయటికి పరిగెత్తాను. నాన్న హెల్మెట్ తీయకుండానే మెట్టు మీద కూర్చున్నారు.

"నేనే మార్పించీసినానమ్మా," అన్నారు. "నీ పది పాసయ్యాక. కాగితాలన్నీ ఒక్కలాగుండాలనీసి."

నా అసలు తేదీ ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని ఆయనే, పద్ధతి ప్రకారం, అర్జీ పెట్టి మరీ దిద్దించారు. సాయంత్రం గ్రౌండుకి వెళ్ళి కోచ్ మేడమ్‌కి ఆ మాట చెప్పాలి.

నాన్న నాతో వచ్చారు. ఆ గ్రౌండులో ఆయన అడుగు పెట్టడం అదే మొదలు. అమ్మాయిలందరి ముందూ కోచ్ మేడమ్‌కి దణ్ణం పెట్టి, వచ్చీ రాని హిందీలో, "లడ్కీ ఝూట్ నహీ బోలీ. హమ్ బోలా," అన్నారు. అబద్ధమాడింది నేను కాదు, తనేనట. అక్కడ నిలబడ్డ తండ్రులు కొందరు తలలు దించుకున్నారు. ఆమె నా ఫారం తీసి చాలాసేపు చూసింది. శిక్ష ఏమీ వేయలేదు. జాబితాలో నా పేరు మీద గీత గీసి, ఫారం మడిచి నా చేతికిచ్చింది.

ఇంటి దగ్గర నాన్న స్కూటర్ ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగారు.

"పెద్దోళ్ళ టీములో తీసుకుంతారు కదా నిన్ను?"

అద్దంలో ఆయన కళ్ళు కనిపించాయి. నన్ను చూసి మా నాన్న భయపడుతున్నారని అప్పుడు తెలిసింది. ఊ అంటే సరిపోయేది. నేను అనలేదు. దిగి లోపలికి వెళ్ళిపోయాను.