ముందే వచ్చిన శ్రావణం

నేను బడికి పోలేదు. ధర్మపురిలో మా ఇంటి అరుగు మీదే మా నాన్న, అదే మా బాపు, నాకు అక్షరాలు దిద్దించాడు, లెక్కలు చెప్పాడు, పంచాంగం చూడడం నేర్పాడు. ఇంగ్లీషు మాత్రం పెళ్లయి కరీంనగర్ వచ్చాక మా ఆయన దగ్గర నేర్చుకున్నాను, అదీ కంప్యూటర్ తెర మీద. అందుకే ఆ భాషలో నాకు మొదట వచ్చినవి ఇంట్లో మాట్లాడుకునే మాటలు కావు. ‘ఫైలు దొరకలేదు’, ‘డిస్కు నిండింది’ లాంటివి. ఇద్దరు గురువులనూ ఇంట్లోనే ఇచ్చిన దేవుడికి ఇవాళ్టికీ పొద్దున్నే దండం పెట్టుకుంటాను.

తొంభైల మొదట్లో మా ఆయన ఇంటి ముందరి గదిలో కంప్యూటర్ పెట్టారు. ప్రోగ్రాములు రాయడం ఆయన వంతు. రాసినదాన్ని సతాయించి చూడడం నా వంతు. పేరు ఉండాల్సిన చోట అంకెలు కొట్టేదాన్ని, నింపాల్సినది ఖాళీగా వదిలేదాన్ని, ఎక్కడ తడబడుతుందో చూసి చెప్పేదాన్ని. మాకు దొరికిన మొదటి పెద్ద పని సిరిసిల్ల వైపు ఒక ఊరి నేత సంఘానిది. సభ్యులకు వారం వారం నూలు పంచాలి. ఎవరి వంతు ఎప్పుడో కంప్యూటరే చూసి చీటీ అచ్చు వేయాలి. చేతిరాత చీటీలతో ‘నీవాళ్లకే రాసుకుంటున్నవు’ అని తగువులు ముదిరి, అచ్చు చీటీ ఉంటేనే గోదాములో నూలు ఇవ్వాలని వాళ్లు తీర్మానించుకున్నారు.

ప్రోగ్రామును మా ఆయన ముక్కలు ముక్కలుగా రాశారు. ఇక ఆ ముక్కలను యంత్రానికి తెలిసే భాషలోకి మార్చి, అన్నిటినీ ఒకటిగా కలిపి, సంఘం గదిలోని కంప్యూటర్‌కు తీసుకుపోవడానికి ఫ్లాపీలోకి ఎక్కించాలి. సరిగ్గా ఆ సమయానికి ఆషాఢం వచ్చి కూర్చుంది.

“ఆషాఢంల కొత్త పని షురూ జేస్తరా ఎవలన్న? శ్రావణం రానియ్యుండ్రి” అన్నది అత్తమ్మ.

“సంఘపోళ్లు ఆగరే అవ్వా” అన్నారు మా ఆయన.

“ఆగకుంటె మీ ఇష్టం. నేనైతె కొబ్బరికాయ ఇయ్య.”

తల్లి మాట తీసేయలేక, పని ఆపలేక ఆయన ఒక ఉపాయం చేశారు. కంప్యూటర్ లోపల ఒక గడియారం ఉంటుంది, తేదీని కూడా అదే చూసుకుంటుంది. దాన్ని ముందుకు జరిపి శ్రావణ శుక్రవారం దగ్గర నిలబెట్టారు.

“ఇగో అవ్వా, మిషన్ల శ్రావణం వచ్చింది. ఇగ కాయ ఇయ్యి.”

ఆమె నవ్వు ఆపుకోలేక ఇచ్చింది. నేను అగరొత్తి ముట్టించాను. ముక్కలన్నీ ఒక్కసారికే చక్కగా కలిశాయి. మర్నాడు, చీటీల మీద తేదీ సరిగ్గా పడాలని, ఆయన గడియారాన్ని మళ్లీ ఆషాఢానికి తెచ్చారు. ఆ సంగతి మేమందరం మర్చిపోయాం.

మొదటి పంపకం అయిన మర్నాడే సంఘం కార్యదర్శి బస్సు దిగి వచ్చాడు. వెంట ఒక నేతామె ఉంది.

“అందరివి వచ్చినయి గని, గీమె చీటీ రాలే” అన్నాడు.

చూస్తే సంగతి తేలికగానే తెలిసింది. ఆమె పేరు, ఇంటిపేరు రెండూ అచ్చంగా కలిసిన ఇంకొకామె సంఘంలో ఉంది. మా ప్రోగ్రాం ఆ ఇద్దరినీ ఒక్కరనుకుంది.

“గామె మా వాడకట్టామెనే” అన్నది నేతామె. “ఇద్దర్ని ఒక్కర్ని జేసిందా మీ మిషన్? మేమిద్దరం ఒక్క కంచంల తింటలేం గద.”

ఆమె భర్త పని కోసం మహారాష్ట్రలోని భీవండి పోయాడు. ఇల్లు నడిచేది ఆమె నడిపే మరమగ్గం మీదే. దాన్ని వాళ్లు సాంచె అంటారు. “నూలు లేక సాంచె ఊకె కూసున్నది. పిల్లలు దాని మీద బట్టలు ఆరేస్తున్రు” అన్నప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు.

“వచ్చే పంపకానికి సరిగ రావాలె సారూ” అన్నాడు కార్యదర్శి. “రాకుంటె మళ్ల చేతిరాతకే పోతం. గప్పుడు గీ మిషన్ మీద గుడ్డ కప్పుడే.”

పేరుతో పాటు ఇంటి నంబరు కూడా కలిపి చూసేటట్టు మా ఆయన అప్పటికప్పుడే మార్చారు. బస్సు వేళయిందని కార్యదర్శి ఫ్లాపీ పట్టుకుని పోయాడు. వాళ్లు పోయాక నా అలవాటు కొద్దీ నేను ఒకే పేరు రెండు ఇంటి నంబర్లతో రెండుసార్లు కొట్టి చూశాను. ఒక్క చీటీయే వచ్చింది.

ఆయన మళ్లీ రాశారు. నేను మళ్లీ చూశాను. ఒక్కటే. ఇంకో పద్ధతిలో రాశారు, అదీ అంతే. చీటీ అచ్చువేసే ముక్కను మొత్తం తిరగరాశారు. రోజులు గడుస్తున్నాయి, పంపకం దగ్గర పడుతోంది, ఆయనకు అన్నం సహించడం లేదు.

“నాతోని అయితలేదు. సంఘపోళ్లకు చెప్పేస్త” అన్నారు ఒక మధ్యాహ్నం.

నాకు బాపు గుర్తొచ్చాడు. ఏ కాగితం మొదలుపెట్టినా ఆయన ముందు పైన శ్రీ చుట్టేవాడు. “మనం దీంట్ల శ్రీ పెట్టలే. మొదట్ల తెర మీద శ్రీ కనవడేటట్టు రాయుండ్రి జర” అన్నాను. ఆయన విసుక్కోకుండా ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ రాశారు. ప్రోగ్రాం నడిపించారు. తెర మీద అన్నీ వచ్చాయి, శ్రీ రాలేదు.

“దేవుని పేరు గూడ వద్దంటున్నది” అని కుర్చీలో వెనక్కి వాలారు. అంతలోనే లేచి కూర్చున్నారు. “ఆగాగు. శ్రీ రాలేదంటె నేను రాసింది ఏదీ లోపటికి పోతలేదు. తప్పు నా రాతల లేదు.”

ఎన్నాళ్లకో ఆయన ముఖం తేటపడింది. కానీ ఎందుకు పోవడం లేదో తెలియలేదు. ఫైళ్ల పేర్లు చూశారు, వేరే చోటి నుంచి తీసుకుంటోందేమోనని చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడే అత్తమ్మ చల్ల గ్లాసులతో వచ్చింది.

“ఏందిరా, మీ మిషన్ల శ్రావణం ఒడిసిందా, ఇంక నడుస్తున్నదా?”

ఆమె దెప్పడానికే అన్నది. ఆయన గ్లాసు అందుకోబోయి ఆగిపోయారు. ఫైళ్ల తేదీలు తెర మీదికి తెచ్చారు. యంత్రం భాషలోకి మార్చి పెట్టిన ముక్కలన్నిటి పక్కనా అదే శ్రావణ శుక్రవారం ఉంది.

ముక్కలను మార్చి కలిపే పనిముట్టుకు ఒక పద్ధతి ఉంది. ప్రతిసారీ అన్నిటినీ మళ్లీ మార్చదు. మనం రాసిన దాని తేదీ, మార్చి పెట్టిన దాని తేదీ పక్కపక్కన చూస్తుంది. వంటలాగే అన్నమాట: వండి పెట్టింది మన రాత కన్నా పాతదైతే మళ్లీ వండుతుంది, కొత్తదైతే ముట్టుకోదు. మేము వండి పెట్టింది రాబోయే శ్రావణంలోది. ఆషాఢంలో ఆయన ఏం దిద్దినా దానికి పాతదిగానే కనిపించింది. ‘కొత్తగా చేసేదేమీ లేదు’ అని ప్రతిసారీ చెప్పే ఉంటుంది. ఫ్లాపీకి ఎక్కించే పని కూడా దాని వెనకే నడిచేటట్టు పెట్టుకున్నాం కనుక ఆ మాట తెర మీద సర్రున జారిపోయేది.

విషయం విని అత్తమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టింది. “ఆగుమన్న గని, మిషన్‌తోని అబద్ధమాడుమన్ననా కొడుకా?”

“అనలేదే అవ్వా.”

మార్చి పెట్టినవన్నీ చెరిపేసి ఆయన మళ్లీ మొదటి నుంచి కలిపించారు. ఈసారి తెర చాలాసేపు కదిలింది. ముందు శ్రీ వచ్చింది. నేను ఒకే పేరు రెండుసార్లు, రెండు ఇంటి నంబర్లతో కొట్టాను. ప్రింటర్ గరగరమంటూ ఒక చీటీ తోసింది, కాసేపాగి రెండోది తోసింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

పంపకం రోజు ఫ్లాపీ తీసుకుని ఇద్దరమూ వెళ్లాం. సంఘం గదిలో చీటీలు ఒక్కొక్కటే చింపి ఇస్తున్నారు. ఆ నేతామె చివర నిలబడి ఉంది. చీటీ చేతికొచ్చాక నా వైపు చాపింది.

“జర సూడక్కా. నాదేనా, ఆమెదా?”

ఇంటి నంబరు చదివి వినిపించాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, గోదాములో చూపి నూలు మూట తెచ్చుకుంది. పక్కనే నిలబడ్డ, తన పేరే ఉన్న ఆ ఇంకొకామెను మోచేత్తో పొడిచింది. “ఇగ నువ్వు వేరు, నేను వేరు. నా కంచంల చెయ్యి పెట్టకు.”

“నీ కంచంల ఏమున్నదని పెడుదును” అన్నది ఆ ఇంకొకామె, తన నూలు పక్కకు పెట్టి ఈమె మూట ఎత్తడానికి చెయ్యి వేస్తూ.

చాయ తాగిపోవాలని పట్టుబట్టి నేతామె మమ్మల్ని తన ఇంటికి తీసుకుపోయింది. గుమ్మంలో నూలు మూట చూడగానే పిల్లలు లోపలికి పరిగెత్తి, సాంచె మీద ఆరేసిన బట్టలు తీయడం మొదలుపెట్టారు.