ఇస్మాయెలా పీతల పథ్యం

ఇస్మాయెలా వేయించిన అల్కపూరియాలు, అదే పీత కూర కూరిన బజ్జీలు, తిని ఒక బస్సు డ్రైవరు ఆసుపత్రి పాలయ్యాడని, అందుకే బడ్డీ మూసేసిందని సముద్రపొడ్డు ఊరు పిన్యోనెస్ అంతా పుకారు పాకింది. అబద్ధం. ఆ డ్రైవరు ఆ రోజు తిన్నవి మూడు పచ్చి మామిడికాయలు, అదీ ఇస్మాయెలా పక్కింటి ప్రొవిడెన్సియా గుమ్మం ముందే. ఆ వీధిలో ఆమెకు తెలియకుండా కోడి కూడా గుడ్డు పెట్టదు. అయితే ముప్పై ఏళ్లుగా ఏ ఆదివారమూ ఆరని పొయ్యి రెండు వారాలుగా ఎందుకు చల్లబడిందో మాత్రం ఆమెకూ అంతుచిక్కలేదు. ఇంకో ఆదివారం గడిస్తే ఆ పుకారే నిజమై కూర్చుంటుంది. ఇస్మాయెలా చేతి వంట ఇక ఎవరూ ముట్టరు.

ఉప్పు కావాలనే వంకతో ప్రొవిడెన్సియా ఇస్మాయెలా పెరట్లోకి వెళ్లింది. పీతల దొడ్డి నిండుగా ఉంది. పట్టిన పీతలకు నాలుగైదు రోజులు మొక్కజొన్న పెట్టి కడుపు శుభ్రం చేయడం అందరూ చేసేదే. వీటికి పదిహేనో రోజున కూడా మొక్కజొన్న, రొట్టె, కొబ్బరి.

"ఏం వదినా, వీటికి పెళ్లి చేస్తున్నావా?"

ఇస్మాయెలా ఉప్పు చేతిలో పెట్టి గుమ్మం దాకా సాగనంపింది.

సంగతి ఆమె తమ్ముడు గుమెర్సిందో దగ్గర దొరికింది. దానికి రెండు కప్పుల కాఫీ పోయాల్సి వచ్చింది. మడుగు అవతల బోనులు పెట్టాడట. తెల్లారి చూస్తే పైన మాన్సానియో చెట్టు. పాలు తగిలితేనే ఒళ్లు బొబ్బలెక్కే చెట్టది. దాని కాయలు తిన్న పీత మనిషిని చంపుతుందని ఇక్కడివాళ్ల భయం. వదిలేస్తే ఇంకెవరి బోనులోనో పడతాయని అక్క ఒప్పుకోలేదట. విషం దిగేదాకా మేపాల్సిందే అందట.

ఆ ఆదివారం బడ్డీలోంచి పొగ లేచింది. ప్రొవిడెన్సియా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. తురిమిన అరటికాయ, చేమదుంప ముద్దను గుండ్రటి ఆకు మీద పరిచి, పీత కూర పెట్టి మడిచి, ఇస్మాయెలా ఆకు మీది నుంచే నూనెలోకి జారవిడుస్తోంది. వరుసలో నిలబడ్డ అందరికీ ప్రొవిడెన్సియా మామిడికాయల సంగతి వినిపించింది. వేడివేడిది కొరికి నాలుక కాల్చుకుంది. గుండెల మీది బరువు దిగినట్టయింది.

అప్పుడు చెప్పాడు గుమెర్సిందో. శుక్రవారం అక్క ఆ పీతల్లో కొన్ని వండి, తలుపు గడియ వేసుకుని, పళ్లెం నిండా తానే తిని, మర్నాటి దాకా ఒక్కతే కూర్చుందట.

ప్రొవిడెన్సియా ఇక వంకలు వెతకలేదు. "నాకెందుకు చెప్పలేదు వదినా? పక్కన కూర్చునేదాన్ని కదా."

"కూర్చునేదానివే. నా పళ్లెంలోంచి ఓ ముక్క నోట్లో వేసుకునేదానివి కూడా. అందుకే చెప్పలేదు."