అక్క చేసిన మూడు ఫోన్లు

మొన్న మంగళవారం నాడు, బీపీ మాత్ర అన్నానికి ముందు వేసుకోవాలా తర్వాత వేసుకోవాలా అన్న ఒక్క ముక్క అడగడానికి మందుల షాపుకి ఫోన్ చేసి, నలభై నిమిషాలసేపు ఒక మెషిన్‌తో మాట్లాడాను. మాట్లాడానంటే పొరపాటు, అది అడుగుతూ పోయింది, నేను నొక్కుతూ పోయాను. ఇంగ్లీషయితే ఒకటి నొక్కమంది, నొక్కాను. పుట్టినరోజు చెప్పమంది, చెప్పాను. నా గొడవేమిటో నాలుగు మాటల్లో చెప్పమంటే చెప్పాను, అర్థం కాలేదు మళ్లీ చెప్పమంది, ఈసారి కాస్త అమెరికా యాస కలిపి చెప్పేసరికి టీకాలు వేసే వేళలు చదవడం మొదలుపెట్టింది. చివరికి లైను దానంతటదే కట్టయిపోయింది, ఆ వెంటనే మా సేవ మీకెలా అనిపించింది, ఐదు నక్షత్రాలకి ఎన్ని ఇస్తారు అని మెసేజ్ వచ్చింది. ఇక చేసేదేముంది, మాత్ర అన్నం మధ్యలో వేసుకున్నాను.

ఈ దేశానికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. మంచుకి అలవాటుపడ్డాను, ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకీ వెనక్కీ తిప్పుకోవడానికి అలవాటుపడ్డాను, కానీ ఈ పదేళ్లలో వచ్చిపడ్డ తద్దినాలకి మాత్రం అలవాటుపడలేకపోతున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఇంట్లో కంప్యూటర్లో ఒక ఫారం నింపాలి, అక్కడికి వెళ్లాక పలకలాంటి దాని మీద అదే ఫారం మళ్లీ నింపాలి, లోపలికి పిలిచిన నర్సు అవే ప్రశ్నలు ముచ్చటగా మూడోసారి అడుగుతుంది. కాఫీ షాపులో కాఫీ నేనే పోసుకుని మూత కూడా నేనే పెట్టుకున్నాక, కౌంటర్లో ఉన్న పిల్ల తెర నావైపు తిప్పి టిప్ ఎంతో నొక్కమని, నన్ను మొహమాటపెట్టకూడదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడుతుంది. కరెంటు కంపెనీవాళ్ల వెబ్‌సైట్లోకి వెళ్లాలంటే ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ ఏరి చూపించి నేను మనిషినేనని ఒక మెషిన్‌కి రుజువు చేసుకోవాలి, అందులో ఒక్కోసారి ఫెయిలవుతుంటాను కూడా. మా ఆవిడ పోయాక నేను ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి ఇంటికి చేరాను, ఆ ఇంటి వెనక కిటికీలే లేని పెద్ద పెద్ద బిల్డింగులు రోజంతా హోరుమంటూ ఉంటాయి, వాటిలో మనుషులుండరట, ఉన్నవన్నీ మెషిన్లేనట. అందుకే కాబోలు బయట ఉన్నవాళ్లని కూడా వాటి దారికి తెచ్చుకుంటున్నాయి.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకునే గొడవలే. ఒక్కదాన్ని మాత్రం నవ్వి ఊరుకోలేకపోతున్నాను, నిజానికి దాని గురించి చెప్పడానికే ఇంత డొంకతిరుగుడు.

నేను చదువు ముగించుకుని మొదటి ఉద్యోగానికి, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న హెర్న్‌డన్ వచ్చింది నడిచలికాలంలో. కంపెనీవాళ్లు రోడ్డు పక్కన ఒక మోటెల్లో గది ఇప్పించారు. కారు లేదు, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక పెట్రోలు బంకు తప్ప ఏమీ లేదు, ఆ బంకులో దొరికే బ్రెడ్డు, అరటిపండ్లతో తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు శనివారం మధ్యాహ్నం, అన్నం కోసం ఏడుపొస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు, ఆ రోజు తెలిసింది. మంచం పక్క సొరుగు లాగితే టెలిఫోన్ డైరెక్టరీ కనపడింది.

మన ఈడువాళ్లకి ఆ విద్య గురించి చెప్పక్కర్లేదు. కొత్త ఊళ్లో దిగగానే డైరెక్టరీ తీసి మనవాళ్ల పేర్ల కోసం వేలు పెట్టి వెతకడం అప్పట్లో అందరం చేసిన పనే. రావు అని ఉంటే పూర్తిగా నమ్మడానికి లేదు, మంగుళూరువారో మైసూరువారో కావచ్చు, నేను చేసిన మొదటి ఫోన్ అలాంటి ఒక పెద్దాయన ఎత్తి, తెలుగు రానందుకు పాపం ఆయనే నాకు క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పుడిక రావులని వదిలేసి పేజీలు తిరగేస్తుంటే, ఇటు తిప్పినా అటు తిప్పినా తెలుగు తప్ప మరొకటి కావడానికి వీల్లేని బారెడు ఇంటిపేరొకటి దొరికింది. ఏం మాట్లాడాలో ఇంగ్లీషులో రెండుసార్లు వల్లించుకుని నంబరు తిప్పాను. రెండో రింగుకే ఒకావిడ ఎత్తి హలో అంది. ఆ హలోలోనే సంగతి తెలిసిపోయి నా ఇంగ్లీషంతా ఎటో పోయింది, అమ్మా నేను గుంటూరువైపు వాణ్ణండీ అన్నాను. ఊరూ పేరూ కులం ఉద్యోగం ఏమీ అడగలేదావిడ.

"ఏడున్నవ్ తమ్మీ? తిన్నవా?" అంది.

గంటలోపల వాళ్లాయన పడవంత కారేసుకుని మంచులో వచ్చి నన్ను ఎక్కించుకుపోయారు. వరంగల్ వాళ్లు. ఆయన దారిలోనే నేను మీకు బావనవుతాను అని తేల్చేశారు, ఎందుకంటే ఆవిడ అప్పటికే నన్ను తమ్ముడన్నది కదా. ఇంటికి వెళ్లేసరికి ఫ్రోజెన్ పాలకూరతో చేసిన పప్పు పొయ్యి మీద ఉంది, ఆవిడ తాలింపు వేస్తుంటే గోడ మీది స్మోక్ అలారం మోగకుండా బావగారు స్టూలెక్కి వార్తాపత్రికతో విసరడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో తాలింపు వేయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నేను ఎన్నిసార్లు వడ్డించుకున్నానో వాళ్లు చూడనట్టే ఉన్నారు, ఆ మర్యాద నేను ఇన్నేళ్లయినా మరిచిపోలేదు.

నాకు తోబుట్టువులు లేరు, ఆ రోజు నుంచి ఉన్నారు. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారికి వీసా రాకపోతే, అక్క తన ఉద్యోగానికి సెలవు పెట్టి పదకొండు రోజులు మా అపార్ట్‌మెంట్లో ఉండి, బాత్‌టబ్ అంచు మీద కూర్చుని కాళ్ల మీద పిల్లని పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లు పోసింది. మా ఒక్కరికే అనుకునేరు, ఆ చుట్టుపక్కల ఎంతమందికి చేసిందో లెక్కలేదు. ఆవిడ వంటింటి గోడకి ఒక ఫోను ఉండేది, పొయ్యి దాకా సాగే మెలికల వైరుతో, దాన్ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి కూరలు కలుపుతూ, కొత్తగా వచ్చిన పిల్లలకి బస్సులెక్కడ ఎక్కాలో, కోటు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చెప్తుండేది. ఎవరో తెలియకుండా ప్రతి ఫోనూ ఎత్తుతావెందుకని బావగారు విసుక్కుంటే, "మోగుతుంటె ఎత్తకుంట ఎట్లుంట? అవతల మనిషుంటడు గద" అనేది.

అలాంటావిడ దగ్గర తర్ఫీదైన వాణ్ణి కాబట్టి నేనూ ప్రతి ఫోనూ ఎత్తేవాణ్ణి, మొన్నమొన్నటి దాకా. ఒకసారి ఒక కుర్రాడు తన పేరు మైక్ అని, నా కంప్యూటర్లో వైరస్ ఉందని చేశాడు. వాడి ఇంగ్లీషులో తెలుగు యాస వినగానే నాకు ప్రాణం లేచొచ్చి నీది ఏ ఊరు నాయనా అని మొదలుపెట్టి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లాను, చివరికి పాపం వాడే ఫోన్ పెట్టేశాడు. నేను దాన్నొక విజయంగా భోజనాల దగ్గర చెప్పాను. మా అమ్మాయి మాత్రం గాభరాపడిపోయి, నాన్నా ఇంక నీతో వేగలేను అని, నా ఫోన్లో ఒక ఏర్పాటు చేసింది. తెలియని నంబరు నుంచి ఎవరైనా చేస్తే నా ఫోను మోగదు, నా బదులు ఒక ఆడగొంతు మెషిన్ ఎత్తి, మీ పేరేమిటి, ఏ పని మీద చేశారు అని ఇంగ్లీషులో అడుగుతుంది. దానికి సమాధానం నచ్చితే నాకిస్తుంది, లేకపోతే సాగనంపుతుంది. పిల్ల నా మంచికే చేసింది, అందులో దాని తప్పేమీ లేదు. ప్రాణం హాయిగా ఉందని పదిమందికి చెప్పుకున్నవాణ్ణి నేనే.

అక్కా బావగార్లు అప్పటికి హెర్న్‌డన్ ఇల్లు అమ్మేసి, టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉన్న వాళ్లమ్మాయి దగ్గరికి వెళ్లి నాలుగేళ్లయింది. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. పోయిన వసంతకాలంలో ఒక సోమవారం అక్క బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, చేతిలో ఉన్న సెల్‌ఫోను కూడా పగిలింది. ఆపరేషన్ చేసి, మళ్లీ నడిపించడానికి ఒక రీహాబ్ సెంటర్లో పెట్టారు. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు, తమ్మికి నేనే చెప్తాను, మీరు చెప్తే భయపడతాడు అని అందరి నోళ్లూ తనే మూయించిందట. ఆ మంచం పక్కన ఒక ఫోను ఉంది. కన్నకూతురి నంబరు కూడా సెల్‌ఫోన్ గుర్తుపెట్టుకోవడమే తప్ప ఆవిడకి నోటికి రాదు. నోటికి వచ్చినవన్నీ పాత నంబర్లు, ఆ రోజుల్లో గోడఫోను మీద వేళ్లు అరిగేలా నొక్కినవి. వాటిలో ఇంకా పనిచేసేది నాదొక్కటే, అపార్ట్‌మెంట్లో మొట్టమొదట పెట్టించుకున్న నంబరునే నేను సెల్‌ఫోన్‌కి మార్పించుకున్నాను కాబట్టి.

ఆ వారంలో నా ఫోన్లో టెక్సాస్ నంబరొకటి మూడుసార్లు మిస్డ్ కాల్‌గా కనపడింది. కారు వారంటీ అంటగట్టాలని చూసే మోసగాళ్లయి ఉంటారనుకున్నాను. మూడోసారి చూసినప్పుడు, ఈ మెషిన్ లేకపోతే వీళ్లు నన్ను కాల్చుకు తినేవాళ్లు కదా అని కూడా అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఆదివారం ఉదయం బావగారు ఫోన్ చేసి, అక్క జారిపడిన సంగతంతా అప్పుడు చెప్పారు. ముందురోజు అక్కకి స్ట్రోక్ వచ్చిందనీ, ప్రాణానికి భయం లేదంటున్నారు గానీ కుడిచేయీ మాటా పడిపోయాయనీ చెప్పారు. ఆ పైన, "నీకు మూడుసార్లు చేసిందట బామ్మర్దీ, నీ మనుమరాలు ఎత్తిందని చెప్పింది. నువ్వు పనిల ఉన్నవేమో అన్నది" అన్నారు.

నా మనవరాలు ఆ వారం స్కూల్ టూర్‌కి వెళ్లి ఊళ్లోనే లేదు. అది తిరిగొచ్చాక, తాతా ఆ కాల్స్ రికార్డ్ అయ్యుంటాయి అని వెతికి పెట్టింది. మెషిన్ గొంతు ఇక్కడ పుట్టిన మన పిల్లల గొంతులాగే ముద్దుముద్దుగా ఉంటుంది, అక్క దాన్ని మా మనవరాలే అనుకుంది. మొదటిసారి, తాత లేడా బిడ్డా, నేను వరంగల్ అక్కను అని చెప్పు అంది. మెషిన్ మళ్లీ పేరడిగింది. రెండోసారి, ఎన్నో క్లాస్ చదువుతున్నవ్, అమ్మ ఆఫీస్‌కి పోయిందా అని అడిగి, జవాబు రాకపోతే, తెలుగు రాదా తల్లీ, ఇట్స్ ఓకే, నో ప్రాబ్లమ్ అంది. మూడోసారి మెషిన్ ఏ పని మీద చేశారని గట్టిగా అడిగింది. కాలు విరిగిందని చెప్పొచ్చు, ఆస్పత్రిలో ఉన్నానని చెప్పొచ్చు, ఆ మాటలంటే మెషిన్ నాకు ఇచ్చేదేమో తెలియదు. చిన్నపిల్ల భయపడుతుందని కాబోలు, అవేమీ చెప్పలేదు.

"ఏం పని లేదు బిడ్డా, ఊకెనే చేసిన. నువ్వు తిన్నవా?" అంది.

మెషిన్ థాంక్యూ చెప్పి పెట్టేసింది. తెలుగు అంతంతమాత్రంగా అర్థమయ్యే మా మనవరాలు నా మొహం చూసి, ఏమన్నది తాతా అని అడిగింది. ఆ పిల్లని దగ్గరికి తీసుకుని చాలాసేపు ఏడ్చాను.

వెళ్లి చూసొచ్చాను. నన్ను గుర్తుపట్టింది, ఎడమచేత్తో నా చెంప తడిమింది, నోరు కదిలింది గానీ మాట రాలేదు. మాట మళ్లీ వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. ఆ మెషిన్‌ని తీయించేశాను, ఇప్పుడు నా ఫోన్ రోజంతా మోగుతుంది, అందరికీ జవాబు చెప్తాను, పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనీ. రోజూ సాయంత్రం అక్క గదికి ఫోన్ చేస్తాను. ఎత్తిన నర్సు ఎవరు, ఏం కావాలి అని అడుగుతుంది, అది ఆవిడ ఉద్యోగం.

మనం వచ్చిన కొత్తలో దూరం ఫోను చేయాలంటే బిల్లుకి భయపడే రోజులు, అయినా ఏ పనీ లేకుండా ఎన్ని గంటలు మాట్లాడుకున్నామో మీకు తెలుసు. ఇప్పుడు ఎంతసేపయినా మాట్లాడుకోవచ్చు, కానీ ఎందుకు చేశావో చెప్పందే ఎవరి ఇంటా గొంతు వినపడదు. చెప్పడానికి కారణమంటూ ఉంటే అది మాటే అవుతుంది గానీ ముచ్చటెలా అవుతుంది? నర్సు రిసీవరు అక్క చెవికి ఆనించి పట్టుకుంటే, ఇవాళ దొండకాయ వేపుడు చేశాననీ, మాడిందనీ, మనవరాలు తిన్నదనీ ఏదో ఒకటి చెప్తాను. అవతల ఊపిరి వినపడుతుంటుంది. పావుగంటయ్యాక ఉంటానక్కా అంటాను. అన్నేళ్లలో ఆవిడ ఏనాడూ నాకంటే ముందు ఫోన్ పెట్టలేదు, ఇప్పుడు పెట్టాలన్నా పెట్టలేదు. నేనే పెట్టాలి.