పొడుగు గంట, ఉల్లిపొర

ఒక హైస్కూలును, హెడ్మాస్టరుతో సహా, పట్టపగలు నిద్రపుచ్చిన పాపం నాది. అదీ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున. మీరు నవ్వండి, ఫరవాలేదు. నేను మాత్రం తలొంచుకునే చెబుతాను.

ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి పుదుచ్చేరి దేశంలో కలుస్తున్న రోజులవి. మా బడికి కొత్తగా మైక్రోస్కోపు వచ్చింది. యానాం నుంచి వచ్చిన సైన్సు మాస్టారు, "ల్యాబులో సాయానికి ఒకడు కావాలి" అన్నారో లేదో, నా చెయ్యి కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది.

"నీకెందుకురా అంత ఆత్రం?"

"ఉల్లిగడ్డ లోపల ఏముండాదో చూడాల సార్!"

"ముందు ఈ వారం గంట సరిగ్గా కొట్టు. అప్పుడు చూద్దాం."

గంట కొట్టడంలో కష్టమేముందంటారా? ఉంది. ఫ్రెంచివాళ్ల నాటి పాత పద్ధతిలో పదకొండున్నరకు పొడుగు గంట. అది వినగానే ఇళ్లకు పోయి, తిని, పడుకుని, మూడింటికి వచ్చేవాళ్లం. కొత్త పద్ధతిలో ఆ వేళకు రెండే దెబ్బలు, పీరియడు మారినట్టు. భోజనం ఆ తర్వాత, బడిలోనే. నిద్ర ఊసే లేదు.

వారం చివర్లో నెల్లూరు వైపు నుంచి ఇన్‌స్పెక్టరు గారొచ్చారు. ఆయనకు చూపించడానికి మాస్టారు మైక్రోస్కోపు కింద ఉల్లిపొర పెడుతున్నారు. నేను ల్యాబు కిటికీకి బల్లిలా అతుక్కుపోయాను. ఇంతలో ఎదురంగడి ఆయన మధ్యాహ్నం కునుక్కి తలుపులు మూస్తున్న చప్పుడు. అయ్యో, గంట! పరుగెత్తాను. బుర్రలో ఉల్లిపాయ, చేతుల్లో పాత అలవాటు. వాయించాను చూడండి, ఊరికి నిప్పంటుకున్నట్టు!

ఆ గంట వింటే మా ఊళ్లో బుర్రకంటే ముందు కాళ్లు లేస్తాయి. పిల్లలు లేచారు, అయ్యవార్లు లేచారు. బోర్డు మీద లెక్క వేస్తున్న ఇన్‌స్పెక్టరు గారు వెనక్కి తిరిగేసరికి ఎదురుగా బెంచీలే మిగిలాయి. ఆయన వరండాలోకి వచ్చారు. అక్కడ నేనున్నాను.

"ఏమయ్యా, బడి ఏదీ?"

"పోయింది సార్."

"ఎక్కడికి?"

"సాపాటుకి సార్. తిని, పండుకోని, మూడింటికి వస్తుంది."

"హెడ్మాస్టరు గారు?"

"ఆయన అందరికంటే ముందు సార్. నేను కొడతా ఉండగానే సైకిలెక్కినారు."

"సైన్సు మాస్టారు?"

"ఆయనది యానాం కదా సార్, అదీ ఫ్రెంచివాళ్ల ఊరే. ఆడా ఇదే అలవాటంట."

"మరి నువ్వెందుకు పోలేదు?"

"ఉల్లిగడ్డ చూడాల సార్."

ఆశ్చర్యం, ఆయన తిట్టలేదు. ల్యాబులోకి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు నిలబెట్టారు. చూశాను. అబ్బ! ఉల్లిపొర నిండా వరసగా గదులు, గది పక్కన గది!

"ఏం కనిపిస్తోంది?"

"గదులు సార్."

"వాటిలో మనుషులెవరన్నా ఉన్నారా?"

"ఒక్కరూ లేరు సార్."

"మీ బడేనయ్యా అది," అన్నారాయన. "ఇక పోయి హెడ్మాస్టర్ని లేపుకురా."

ఊళ్లోనే కోసపాళయం పేటలో హెడ్మాస్టరు ఇంటి తలుపు తట్టాను. లోపల గురక ఆగింది.

"ఏందిరా ఈ వేళప్పుడు?"

"ఇన్‌స్పెక్టరు గారు తోడు లేక ఒంటిగా ఉండారు సార్."

గంట నా చేతికిచ్చినందుకు ఆ సాయంత్రం సైన్సు మాస్టారు చివాట్లు తిన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. ల్యాబు పని ఇంకొకడికి పోయింది, న్యాయమే. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ప్రాణం ఉన్నంతవరకూ ఏ గంటా ముట్టనని. మా ఇంట్లో పూజకు కూడా గంట మా ఆవిడే కొడుతుంది. నేను కొడితే దేవుడు పడుకుంటాడని ఆవిడ భయం.